ఒక్క నేల, పలు విద్యలు

విశ్వవిద్యాలయములు ఏటేట ప్రకటించు పరిశోధన వ్యాసముల పట్టికను చూచినవారికి ముందు ఆశ్చర్యము, పిమ్మట కొంత విసుగు కలుగుట సహజము. ఒక పంక్తిలో ప్రాచీన లిపి, మరుపంక్తిలో శిలల వయస్సు, దాని క్రింద పక్షుల సంచారము! వీనికి తమలో తమకు చుట్టరికమేమి? ఇన్ని తీరుల చదువులకు ధనము వెచ్చించుట యెందులకని అడుగు పెద్దమనుష్యులు ప్రతి ఊరను కలరు. ఆ ప్రశ్న అడుగదగినదే. దానికి సమాధానము గ్రంథాలయములలో కంటె కడప జిల్లాలోని మైలవరము ప్రాంతమున సులభముగా దొరకునని నా తలంపు.

మైలవరము జమ్మలమడుగు చెంత, పెన్నేటిపై జలాశయము గల ఊరు. దానికి ఎగువన గండికోట. అచ్చట ఏరు ఎర్రమల కొండను నిలువున కోసికొని పారుచున్నది. చూడవచ్చినవారు కోటను, లోయను చూచి మరలిపోవుదురు. భూగర్భశాస్త్రజ్ఞుడు అట్లు పోజాలడు. ఆ గట్టులలోని పొరలే ఆయనకు గ్రంథము. 1872లో విలియం కింగ్ అను ఆయన కడప, కర్నూలు శిలలను గూర్చి పెద్ద గ్రంథము ప్రకటించి, శిలల తరగతులకు మన ఏరుల పేర్లు, ఊళ్ల పేర్లు పెట్టెను: పాపఘ్ని, చెయ్యేరు, జమ్మలమడుగు, పాణ్యము. నాటి నుండి శిలలు చదువువారికి జమ్మలమడుగు అనగా ఊరు మాత్రమే కాదు, ఒక రాతి తరగతి. శ్రోతలలో గృహిణులు వంటయింటి గట్టుగా వాడుకొను నల్లని కడప బండ ఆ తరగతిలోని సున్నపురాయియే.

ఈ పొరల వయస్సు కనుగొనుట కింగు కాలమున సాధ్యము కాలేదు. పులివెందుల దగ్గర పొరల నడుమకు కరిగిన శిల చొచ్చి గట్టిపడిన చోటు కలదు. అందలి బాడెలియైటు అను సూక్ష్మ స్ఫటికములలో యురేనియము ఎంత పాలు సీసముగా మారినదో కొలిచి, 2008లో వెలువడిన పరిశోధన ఆ శిల వయస్సు ఇంచుమించు 188 కోట్ల 50 లక్షల సంవత్సరములని తేల్చినది. బస్తరులోని కొన్ని నల్లరాతి గోడలకును దాదాపు అదే వయస్సు. పులివెందుల సమీపమున తుమ్మలపల్లె గనిలో విద్యుత్తు కొరకు త్రవ్వుచున్నదియు యురేనియమే. ఒకరికి ఇంధనమైనది మరియొకరికి గడియారమైనది.

ఎర్రగుంట్ల దాపున కలమళ్ల యను ఊరు కలదు. అచ్చటి రేనాటి చోడుల శాసనము, ధనంజయుని నాటిది, మనకు దొరకిన తెలుగు శాసనములలో మొదటిదని పండితుల అభిప్రాయము. నీలకంఠశాస్త్రి, వెంకటరామయ్య గారలు ఈ రేనాటి శాసనములను పరిశీలించి ప్రకటించిరి. అందు సంవత్సరము చెప్పబడలేదు. అక్షరముల వంపులను ఇతర శాసనములతో పోల్చి, క్రీ.శ. 575 ప్రాంతమని లిపిజ్ఞులు నిర్ణయించిరి. తేదీ లేని రాతిని ఎదుట పెట్టుకొని, ఉన్న గుర్తులబట్టి కాలము చెప్పుట! పులివెందులలో రసాయనజ్ఞుడు చేసినదియు ఇదియే. ఒకరి గ్రంథమును మరొకరు తెరచి చూచి యుందురని మాత్రము నేననుకొనను.

ఈ గోడలు లేని మనిషి ఒకడు వెనుక ఉండెను. కాలిన్ మెకంజీ 1783లో సైనికోద్యోగిగా మదరాసునకు వచ్చెను. అంతకు మున్ను లాగరిథములు కనిపెట్టిన నేపియరు చరిత్ర కొరకు హిందూ గణితమును గూర్చి విచారించుచుండెను. దత్తమండలములను కొలుచుటకు వచ్చినవాడు, కొలతతో తృప్తి చెందక ఊరూర చరిత్రలను పోగుచేయించెను. కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు లేనిదే ఆ పని సాగెడిది కాదు. బొర్రయ్య 1803లో గతింపగా లక్ష్మయ్య ఆ భారము వహించెను. అట్లు చేరిన కైఫియత్తులలో గుడి కట్టిన రాజు, చెరువు త్రవ్వించిన రెడ్డి, మాన్యము, పన్ను, కరవు, అన్నియు కలసియుండును. చరిత్రకారుడు, భాషావేత్త, నీటి వసతులను చదువువాడు ముగ్గురును నేడు ఆ కాగితములనే వెదకుదురు.

ఇక పక్షి సంగతి. వైద్యుడైన జెర్డను కనుగొన్న, 1848లో వర్ణింపబడిన కలివికోడి 1900 తరువాత ఎవరికంటను పడలేదు. నశించినదనియే తలచిరి. 1986 జనవరిలో, పెన్నేటికి దిగువన లంకమల అడవి చెంత, బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘము వారి అన్వేషణలో అది తిరిగి దొరకినది. పట్టియిచ్చినవాడు శాస్త్రజ్ఞుడు కాడు, రాత్రివేళ దీపముతో తిరుగు గ్రామీణుడు. అది రాత్రి సంచరించు పక్షియని తెలిసినవాడు అతడు. ఈ విషయమును వ్యాసముల పట్టికలో కొంత పెద్ద అక్షరములతో అచ్చువేయుట మేలు.

పిమ్మట పరిశోధకులు పొదల నడుమ మెత్తని మన్ను పట్టీలుగా పరచి, తెల్లవారి వచ్చి పాదముద్రలు చదివిరి. ఎంత దట్టమైన పొదలలో అది బ్రతుకునో అట్లు తెలిసికొనిరి. ఇంతలో తెలుగుగంగ కాలువ ఆ చోటికే వచ్చెను. సీమకు నీరు వలదనగల వాడెవడు? కాని ఆ పొదలు పోయిన మరల దొరకవు. వాదములు నడిచి, 2005 తరువాత కాలువ త్రోవ మార్చబడినది. త్రోవ ఎటు మరలింపవలెనో తేల్చుటకు అక్కరకు వచ్చినది, ఆ మన్నుమీది పాదముద్రల లెక్క.