మార్కులు ఎవరి హక్కు?

(అధ్యాపకురాళ్ళ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



హక్కుల కోసం పనిచేసే మనకి ఈ ప్రశ్న కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది. "నా మార్కులు నా హక్కు" అని ఒక విద్యార్థి అధ్యాపకురాలి మీద గొంతు పెంచితే మనం ఎవరి పక్షాన నిలబడాలి? హక్కు అన్న మాట వినపడగానే అటు మొగ్గడం మనకి అలవాటు. ఈసారి కాస్త ఆగి చూద్దామంటున్నాను.

కొంతకాలంగా మన రెండు రాష్ట్రాల్లోని ప్రైవేటు ఫార్మసీ కాలేజీల్లో పాఠాలు చెప్పే స్త్రీలతో మాట్లాడుతున్నాను. ఒకామె చెప్పింది: సెషనల్ పరీక్షలో సగం ప్రశ్నలు వదిలేసిన అబ్బాయి పేపరు తెచ్చి బల్ల మీద పెట్టి, "ఫీజు కట్టాం కదా మేడమ్, పాస్ చెయ్యడానికి మీకేంటి?" అన్నాడట. ఆమె వెయ్యనంది. సాయంత్రానికి ప్రిన్సిపాల్ గది నుంచి పిలుపు. "కొంచెం అడ్జస్ట్ అవ్వండమ్మా" అన్నారు. అదే అబ్బాయి పక్క గదిలో సార్ ముందు చేతులు కట్టుకుని నిలబడతాడు. ఆయన దగ్గర బతిమాలుకునేవాళ్ళు ఈమె దగ్గర నిలదీస్తారు. ఇంట్లో అమ్మ వడ్డించినట్టు క్లాసులో మేడమ్ మార్కులు వడ్డించాలన్నమాట.

దీనికి సామాజిక శాస్త్రాల్లో అకడమిక్ ఎన్‌టైటిల్‌మెంట్ అని పేరుంది. కష్టంతో నిమిత్తం లేకుండా మార్కులు తనకి దఖలు పడ్డాయనుకోవడం, తప్పితే నేరం చెప్పినవాళ్ళదే అనుకోవడం. 2008లో అమెరికాలో ఎలెన్ గ్రీన్‌బెర్గర్ బృందం దీన్ని అధ్యయనం చేసింది. 2012లో జెఫ్ కెయిన్, ఫ్రాంక్ రొమానెల్లి, కెల్లీ స్మిత్ ఫార్మసీ చదువులకి సంబంధించి ఇదే విషయాన్ని చర్చించారు. విద్యార్థిని ఖాతాదారుగా చూడటం గురించిన వాదం అక్కడ చాలాకాలంగా ఉంది.

మన దగ్గర ఇది ఎక్కడ బిగుసుకుంటుందో చూడండి. ఫార్మసీ కౌన్సిల్ నిబంధనల ప్రకారం బి.ఫార్మసీలో చాలా థియరీ పేపర్లకి 100 మార్కులు. అందులో 25 కాలేజీలోనే వేస్తారు. ఆ 25లో 15 సెషనల్ పరీక్షకి, 4 హాజరుకి, 3 తరగతి పనులకి, 3 టీచరుతో సంభాషణకి. హాజరు 80 శాతం లేకపోతే పరీక్షకి అర్హత లేదు. అంటే హాజరు పట్టీ, ఇంటర్నల్ మార్కులు రెండూ ఆమె చేతిలోనే ఉంటాయి. అధికారం ఉన్నట్టే కనిపిస్తుంది. కానీ ఆమెది ఏడాది ఏడాదికీ పొడిగించే ఉద్యోగం. ఆ పొడిగింపు విద్యార్థులు నింపే ఫీడ్‌బ్యాక్ ఫారం మీద ఆధారపడిన చోట ఆ అధికారం ఏపాటిది?

ఈ ధోరణి పిల్లలకి పుట్టుకతో వచ్చింది కాదు. వేసవి సెలవుల్లో అడ్మిషన్లు తెమ్మని యాజమాన్యాలు అధ్యాపకుల్నే ఊళ్ళమీదికి పంపుతాయి. "మా కాలేజీలో చేరండి బాబూ" అని గడప గడపకీ తిరిగి బతిమాలిన మనిషే తర్వాత పేపరు మీద సున్నా వేస్తే వాళ్ళకి మింగుడు పడుతుందా? చదువుని సరుకు చేసింది యాజమాన్యం. సరుకు బాగా లేదని తిట్లు తినేది కౌంటర్లో నిలబడ్డ ఆడమనిషి.

ఇక రెండోవైపు. కొన్నేళ్ళ క్రితం మా విభాగంలో ఒకమ్మాయి తన జవాబు పత్రం మళ్ళీ చూడమని మూడుసార్లు వచ్చింది. నాకు విసుగొచ్చింది. "ఈ కాలం పిల్లలకి అన్నీ కావాలి" అనుకున్నాను. చివరికి తీసి చూస్తే నేనే ఒక పేజీ కూడటం మర్చిపోయాను. ఆ అమ్మాయిది పొగరు కాదు, హక్కు. ప్రభుత్వం నుంచి ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదని కాలేజీ సర్టిఫికెట్ ఆపేస్తే, ఇమ్మని అడిగే దళిత విద్యార్థినిదీ హక్కే. ఆమెని "నోరెక్కువ" అనేవాళ్ళు స్టాఫ్ రూముల్లో ఉన్నారు. కొత్త ఇంగ్లీషు పేరు దొరికింది కదా అని అడిగిన ప్రతి పిల్లకీ దాన్ని తగిలిస్తే మనమూ అదే పని చేసినవాళ్ళమవుతాం.

కనుక తేడా ఇది: జరిగిన అన్యాయం సరిచెయ్యమని అడగడం హక్కు. నేర్చుకునే శ్రమ నుంచి మినహాయింపు అడగడం హక్కు కాదు. ఎందుకంటే ఆ మినహాయింపు ఖరీదు మరెవరో చెల్లిస్తారు.

ఎవరో చెప్తాను. పది కిలోల బిడ్డకి జ్వరం. కిలోకి 15 మిల్లీగ్రాముల లెక్కన పారాసెటమాల్ 150 మిల్లీగ్రాములు ఇవ్వాలి. 5 మిల్లీలీటర్లలో 125 మిల్లీగ్రాములున్న సిరప్ అయితే 6 మిల్లీలీటర్లు. 250 ఉన్న సీసా అయితే 3 చాలు. సీసా మారిందని చూడకపోతే బిడ్డకి రెట్టింపు మందు పడుతుంది. మందుల షాపు ముందు నిలబడ్డ తల్లికి సీసా మీది ఇంగ్లీషు రాకపోవచ్చు. ఆమె నమ్మేది లోపల ఉన్న ఫార్మసిస్టునే. ఆ లెక్క రానివాడికి పాస్ మార్కులు వెయ్యనన్న అధ్యాపకురాలు ఆ తల్లి తరఫున నిలబడిందని నేనంటాను.

మనం ఏం అడగాలి? మార్కులు ఏ ప్రాతిపదికన వేస్తారో ముందే రాసి గోడకి అంటించాలి. జవాబు పత్రం చూసుకునే అవకాశం ప్రతి విద్యార్థికీ ఉండాలి. తగాదా వస్తే రెండో అధ్యాపకులు దిద్దాలి. ఫీడ్‌బ్యాక్ బోధన మెరుగుపడటానికే తప్ప ఉద్యోగం తీసెయ్యడానికి కాకూడదు. విద్యార్థి మాట లైంగిక వేధింపు దాకా వెళితే, 2013 చట్టం కింది అంతర్గత కమిటీ ముందు చెప్పుకునే దారి అధ్యాపకురాలికీ తెరిచి ఉండాలి.

చివరిగా ఒక మాట. ఇలాంటి టీచరు మన సంఘం ఆఫీసుకి వస్తే "నీకేమమ్మా, చదువుకున్నదానివి, ఉద్యోగం ఉంది" అని పంపెయ్యకండి. కూర్చోబెట్టి వినండి. ఆ విద్యార్థి వచ్చినా సరే, కూర్చోబెట్టి వినండి. ఇద్దరి మాటా విన్నాక, ఆ చదువుని అమ్ముకుంటున్నవాళ్ళని పిలిచి అడుగుదాం.