రాయితీకై తొందరయా? ధరకై నిరీక్షణమా?

(రాజమహేంద్రవరమున నొక పఠనమందిరమునందు చేసిన ప్రసంగపాఠము)



ఈ మందిరమునకు పత్రికలు చదువ వచ్చు మిత్రులలో నొకరు కాకినాడలో వ్యాపారము, ఈ యూర కాపురము గలవారు. మొన్న పత్రిక మడచి బల్లపై బెట్టి నన్నడిగిరి: “ఏమండీ, కరెంటు కారు సబ్సిడీ ఉండగానే కొనేయమంటారా? ఆగితే ఇంకా చవకవుతుందంటున్నారు కదండీ!” ప్రక్కనున్న నలువురును అదే సందేహమును వెలిబుచ్చిరి. ఆనాడు నేను తగిన సమాధానము చెప్పలేకపోతిని. ఇంటికి పోయి కాగితము, కలము పట్టితిని. ఆ లెక్కలే నేటి ప్రసంగము.

మొట్టమొదట నొక భ్రమను తొలగింపవలసియున్నది. సొంత వాడుకకు కారు కొనువానికి కేంద్ర ప్రభుత్వము చేతికిచ్చు సొమ్ము లేదు. 2019 ఏప్రిలు 1వ తేదీన పదివేల కోట్ల రూపాయలతో ఆరంభమైన ‘ఫేమ్’ రెండవ పథకము కార్లకు సబ్సిడీ నిచ్చిన మాట నిజమే. కాని యది బాడుగకు త్రిప్పు కార్లకు మాత్రమే. 2024 అక్టోబరులో వచ్చిన ‘పి.ఎం. ఇ-డ్రైవ్’ పథకమున కారు కొనువానికి ఆ మాత్రమును లేదు. కారునకు దొరకునది పన్నులలో సడలింపు. 2019 ఆగస్టులో విద్యుద్వాహనములపై జి.ఎస్.టి. 12 శాతమునుండి 5 శాతమునకు దింపబడెను. అప్పుచేసి కొన్నవారికి వడ్డీపై లక్షన్నర వఱకు ఆదాయపు పన్ను మినహాయింపు నుండెను గాని, అది 2023 మార్చి 31లోపల మంజూరైన అప్పులకే. రోడ్డు పన్ను రాష్ట్రములచేతిది. ఇక 2025 సెప్టెంబరు 22నుండి చిన్న పెట్రోలు కార్లపై జి.ఎస్.టి. 28 శాతమునుండి 18 శాతమునకు తగ్గుటచే, కరెంటు కారునకుండిన ఆధిక్యము కొంత సన్నగిల్లినది. సబ్సిడీ పోవునేమో యని బెంగపడువారిలో అనేకులు, లేని సబ్సిడీకై బెంగపడుచున్నారన్నమాట.

నిజముగా చేతికందిన రాయితీ స్కూటర్లది. దాని చరిత్ర తెలిసికొన్నచో రాయితీ స్వభావము మనకు బోధపడును. 2021 జూనులో బ్యాటరీ సామర్థ్యమునుబట్టి యూనిటుకు 15,000 రూపాయల చొప్పున, బండి వెలలో 40 శాతము మించకుండ నిచ్చిరి. మూడు యూనిట్ల బ్యాటరీగల బండికి 45,000 రూపాయలు! 2023 జూను 1న అది యూనిటుకు పదివేలు, వెలలో 15 శాతము మాత్రమే యయ్యెను. 2024 ఏప్రిలులో యూనిటుకు 5,000. ఎంత పెద్ద బండికైనను పదివేలు మించదు. 2025 ఏప్రిలులో అందులోను సగము. స్కూటర్లకీ సాయము 2026 మార్చి 31తో సరియని 2025 ఆగస్టులోనే ప్రకటించిరి. ధవళేశ్వరము రేవుమెట్లవలె ఒక్కొక్కటే దిగుచు వచ్చినది.

ఆ మెట్లు దిగునప్పుడెల్ల జనులలో నెట్టి తొందర పుట్టినదో చూడుడు. 2023 మే నెలలో దేశమున లక్షకు పైగా విద్యుత్ స్కూటర్లు రిజిస్టరు కాగా, జూనులో నాసంఖ్య సగమునకంటె దిగువకు పడిపోయెను. ఆ మే నెల తొందరలో కొన్నవారిలో మీ యెదుట నిలిచిన ఈ వక్త యొకడు. “ఒకటో తారీఖు దాటితే పాతికవేలు పోతాయండీ” యని దుకాణదారుడనగా ఇంటికి పోయి ఆలోచింపక ఆనాడే సంతకము చేసితిని. ఏడాది తిరుగకమునుపే ఆ దుకాణము తలుపులు మూసికొనెను. పేరు చెప్పను; చెప్పి ప్రయోజనమును లేదు. నాటినుండి చిన్న మరమ్మతునకైనను బండిని లారీపై విజయవాడకు పంపుచున్నాను. పాతికవేలు మిగిలినవని సంతోషించితినే గాని, మరమ్మతుశాల ఎచ్చటనున్నదో అడుగ మఱచితిని.

నాకు పోయినది సొమ్ము మాత్రమే. 2022 ఏప్రిలులో విజయవాడలో నొక యింట చార్జింగులో నున్న స్కూటరు బ్యాటరీ ప్రేలి గృహస్థుడు మరణించెను. ఆ నెలలోనే నిజామాబాదులో నొక వృద్ధు డట్లే బలియయ్యెను. పిమ్మట ప్రభుత్వము బ్యాటరీ పరీక్షలను కఠినము చేసి, 2022 డిసెంబరునందును 2023 మార్చి చివరను రెండు విడతలుగా అమలుపఱచెను. ఆ యేడాది ఆగినవారు రాయితీలో కొంత పోగొట్టుకొనిన పోగొట్టుకొందురు గాక, అంతకంటె విలువైనదానిని కాపాడుకొనిరి.

రాయితీలు హఠాత్తుగా మాయమగుట మనదేశపు వింతయని తలపకుడు. జర్మనీ ప్రభుత్వము 2023 డిసెంబరు 16న ప్రకటించి మఱునాటితోనే తన రాయితీని ముగించెను. ఆర్డరిచ్చి బండికై వేచియుండినవారు నోరు తెఱచుకొని నిలిచిరి. అమెరికాలో 7,500 డాలర్ల పన్ను మినహాయింపు 2025 సెప్టెంబరు 30తో ముగిసెను. మన పశ్చిమగోదావరి చెఱువుల రైతులకిది వింతగాదు. కరెంటు రాయితీ నేడందఱికని, రేపు ఇన్ని యెకరములవారికే యని మాఱుట వారెఱుగనిదా? సఖినేటిపల్లి రేవున పంటుకై నిలిచినవానికి పంటు వచ్చునను నమ్మకమైన నుండును. రాయితీకై నిలిచినవాని కది లేదు.

అట్లయిన ఆగుటయే మేలా? దీనికిని లెక్క యున్నది. బ్యాటరీల ధర ప్రపంచమున 2023లో యూనిటుకు సగటున 139 డాలర్లుండి, 2024లో 115కు దిగెను. ఆ ఫలితము కార్ల వెలలో వెంటనే కానవచ్చెను. 2024 ఫిబ్రవరిలో టాటావారు నెక్సాన్ విద్యుత్ కారు వెలను 1,20,000 రూపాయలవఱకు తగ్గించిరి. ఆ సెప్టెంబరులో పండుగపేరిట మూడు లక్షలవఱకు. ఆ జనవరిలో కొన్నవాని మనఃస్థితి నూహింపుడు! తన కారును తిరిగి యమ్మబోయినను క్రొత్తదాని వెల పడిపోయినందున పాతదాని నడుగువాడుండడు.

అయినను ఆగుటయు ఉచితము కాదు. నా మిత్రుని సంగతియే చూతము. కాకినాడకు పోవను రాను 120 కిలోమీటర్లకు తక్కువ గాదు. వారమునకు నాలుగు దినములు పోయినను నెలకు రెండువేల కిలోమీటర్లు. లీటరుకు పదునాఱు కిలోమీటర్లు నడచు పెట్రోలు కారునకు 125 లీటర్లు కావలెను. నూఱు రూపాయలకు పైబడిన ధరలో నది నెలకు పండ్రెండున్నర వేలకు తక్కువ గాదు. కరెంటు కారు యూనిటుకు ఆఱేడు కిలోమీటర్లు నడచును. చార్జింగులో పోవుదానినిగూడ కలిపి 340 యూనిట్లనుకొందము. మన రాష్ట్రమున 2022లో సవరించిన పట్టికలో గృహములకు 400 యూనిట్లు దాటినపిమ్మట యూనిటుకు 9.75 రూపాయలు. అన్నియు ఆ పైరేటుననే లెక్కించినను 3,300 రూపాయలు. నెలకు తొమ్మిదివేలు, ఏడాదికి లక్షకు పైగా మిగులు. ఇట్టివా డొకయేడాది ఆగి లక్ష తగ్గింపు పొందినచో ఆ లక్షను పెట్రోలుబంకులో ముందే చెల్లించినవాడగును.

మఱి దానవాయిపేటలో నుండి కచ్చేరికిని, బజారునకును, నెలకొకమాఱు కోటిపల్లికిని పోవు వకీలుగారి మాటయేమి? నెలకు మూడువందల కిలోమీటర్లు. మిగులు పదునాలుగువందలు, ఏడాదికి పదునేడువేలు. కరెంటు కారు మూడు లక్షలధికమైనచో ఆ మొత్తము తిరిగివచ్చుటకు పదునేడేండ్లకు పైగా పట్టును. బ్యాటరీకి కంపెనీలు సామాన్యముగా నిచ్చు హామీయే ఎనిమిదేండ్లు! వారు నిశ్చింతగా ఆగవచ్చును. ఏ రాయితీయు వారిని కదలింపరాదు. బ్యాటరీని బాడుగకిచ్చు ఏర్పాటొకటి 2024 సెప్టెంబరులో ఎం.జి. విండ్సర్ కారుతో వచ్చినది. అప్పుడు కారు 9.99 లక్షలు, బ్యాటరీకి కిలోమీటరునకు 3.50 రూపాయలుగా నుండెను. వెల చూచి మురియువారు, ఆ లెక్కన నెలకు రెండువేల కిలోమీటర్లకు బాడుగయే ఏడువేలగునని గుణించి చూచుకొందురు గాక.

ఇంకొక ప్రలోభము మనలో ప్రబలముగా నున్నది. తెలంగాణ ప్రభుత్వము 2024 నవంబరు 18నుండి 2026 డిసెంబరు 31వఱకు విద్యుద్వాహనములకు రోడ్డు పన్నును, రిజిస్ట్రేషను రుసుమును పూర్తిగా మినహాయించెను. కుమారుడు హైదరాబాదులో నున్నాడు గదా, వానిపేర నచ్చట కొని యిచ్చటకు తెచ్చికొందమని నాతో ననినవారు ముగ్గురున్నారు. మోటారు వాహనముల చట్టము 47వ సెక్షను ప్రకారము వేఱొక రాష్ట్రమున పండ్రెండు నెలలకు మించి యుంచిన వాహనము నచ్చట తిరిగి రిజిస్టరు చేయింపవలెను. అప్పు డిచ్చటి పన్ను మాట తప్పదు. మన రాష్ట్రమును 2024 డిసెంబరులో 2029వఱకు వర్తించు విద్యుద్వాహన విధానమును ప్రకటించినది. కొనుటకు ముందు ఇచ్చటి రవాణాకార్యాలయమున కేగి, ఆనాటి పన్నెంతో అడిగి వ్రాయించుకొనుడు. దుకాణదారుని నోటిమాట చాలదు.

కోనసీమ సోదరులకు ప్రత్యేకముగా నొకమాట. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను నరసాపురము సమీపమున తీరము దాటెను. స్తంభములు కూలిన రాత్రులు మనకు క్రొత్తగావు. 2022 జూలై వరదలో ధవళేశ్వరమువద్ద పాతికలక్షల క్యూసెక్కుల నీరు పాఱినపుడు లంకలలో ఇండ్లే మునిగెను. ఇంట నొక్కటే బండి గలవారు, మీటరు నేలకు హత్తుకొనియున్నవారు, ఈ సంగతిని రాయితీకంటె ముందు ఆలోచింపవలెను.

ఈ సొమ్మెవరిదని కూడ నడుగుదము. పెట్రోలు బండివాడును, బస్సెక్కు కూలివాడును కట్టిన పన్నులలోనిదే. అది స్వదేశమున పరిశ్రమ నెలకొల్పుటకని చెప్పి యిచ్చిరి. కాని విడిభాగములను విదేశములనుండి తెప్పించి స్వదేశీయని చూపి సబ్సిడీ పొందిరని 2023లో కొన్ని కంపెనీలనుండి ప్రభుత్వము సొమ్ము తిరిగి కోరవలసివచ్చెను. మఱికొన్ని కంపెనీలు లక్షన్నర పరిమితిని దాటకుండుటకై చార్జరు వెలను విడిగా వసూలు చేసి, పిమ్మట కొన్నవారికి తిరిగి యిచ్చినవి. బ్యాటరీలోని సెల్లులు నేటికిని అధికభాగము చైనానుండియే వచ్చుచున్నవి. 2023 మే నెలలో మహబూబ్‌నగరు సమీపమున దివిటిపల్లిలో మన అమరరాజా వారి బ్యాటరీ కర్మాగారమునకు శంకుస్థాపన జరిగినది. అట్టివి పది లేచి పనిచేసిననాడు వెల తనంత తానే దిగును.

నా మిత్రునకు నిన్న సమాధానము చెప్పితిని: “మీరు కొనండి. రాయితీ కోసం కాదు, కాకినాడ రోడ్డు కోసం. వస్తుందన్న డబ్బేదీ ధరలోంచి తీసేయకుండా లెక్క కుదిరితేనే కొనండి. ముందు మీ మీటరు లోడు పెంచమని దరఖాస్తు పెట్టుకోండి, మరమ్మతు చేసేవాళ్లు ఈ ఊళ్లో ఉన్నారో లేదో కళ్లారా చూసి రండి.” ఆయన నవ్వి, “మరి మీరో అండీ?” యనిరి. నా స్కూటరు విజయవాడనుండి ఇంకను తిరిగిరాలేదు. అది వచ్చువఱకు నేను నడచి వత్తును.