క్షమాపణ అడగడం: యూదుల పండుగల్లో పిల్లల పాఠం
(సాంస్కృతికోత్సవాల సభలో మా తెలుగు బడి తరఫున చేసిన ప్రసంగం)



మన పండుగ సభలో యూదుల పండుగల ప్రస్తావన ఏమిటని కొందరికి అనిపించవచ్చు. న్యూయార్కు నగరంలో యోమ్ కిప్పూర్‌కు ప్రభుత్వ పాఠశాలలు మూస్తారు. ఆ సెలవు ఎందుకని మన పిల్లలు మమ్మల్ని అడుగుతారు. 2025లో ఆ రోజూ మన విజయదశమీ ఒక్కనాడే, అక్టోబరు 2న, పడ్డాయి. వాళ్ళకూ చంద్రుణ్ణి బట్టే నెలలు, వాళ్ళకూ అధికమాసాలున్నాయి; కాబట్టి అది మరీ వింతేమీ కాదు. అంతెందుకు, గుంటూరు జిల్లా కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిమ్ అనే తెలుగు యూదులే ఉన్నారు.

తిష్రీ మాసం మొదటి రోజు వారి సంవత్సరాది, రోష్ హషానా. పదోనాడు యోమ్ కిప్పూర్. పెద్దలు ఇంచుమించు 25 గంటలు మంచినీళ్ళయినా ముట్టరు. చిన్నపిల్లలకు ఉపవాసం లేదు. తేనెలో ముంచిన ఆపిల్ ముక్కలు తింటారు, పొట్టేలు కొమ్ము ఊదుతుంటే నోరు తెరుచుకుని వింటారు, ఏటి ఒడ్డుకు వెళ్ళి తప్పులను నీళ్ళలో వదిలామనుకుంటూ రొట్టె తునకలు విసురుతారు. ఇవన్నీ సరదాలే. సరదా కానిది ఒకటుంది: తాము ఏడిపించిన నేస్తం దగ్గరికి స్వయంగా వెళ్ళాలి.

దేవుడికి చేసిన అపచారం యోమ్ కిప్పూర్‌తో తీరుతుంది కాని, సాటి మనిషికి చేసింది ఆ మనిషిని సమాధానపరచేదాకా తీరదని సుమారు 1800 ఏళ్ళనాటి మిష్నా చెబుతుంది. మనం వినాయక చవితినాడు పిల్లలచేత గుంజీళ్ళు తీయిస్తాం. మంచిదే. కాని బొమ్మ విరగ్గొట్టింది తమ్ముడిదైతే, గుంజీళ్ళు స్వామి ముందు! తమ్ముడు మూలన ఏడుస్తూనే ఉంటాడు.

12వ శతాబ్దపు పండితుడు మైమోనిడీస్ ఇంకా గట్టివాడు. సొమ్ము ఇచ్చేసినా సరిపోదు, మాటతో అడగాలన్నాడు. ఎదుటివాడు వినకపోతే ముగ్గురు స్నేహితులను వెంటబెట్టుకుని వెళ్ళాలి, అలా మూడుసార్లు. అప్పటికీ కరగకపోతే తప్పు ఇక వాడిదే. అదే అవకాశం మళ్ళీ వచ్చినా ఆ పని చేయనివాడిదే నిజమైన పశ్చాత్తాపమన్నాడు.

మా బడిలో ఇది చెబుతూ మన భాష వైపు చూశాం. “తప్పయిపోయింది” అంటాం. తప్పు దానంతట అదే అయింది, చేసినవాడు మాయం! “నీ పెన్సిలు నేనే తీశాను” అనిపించడానికి ఎంత బతిమాలాలో బళ్ళో కూర్చుంటే తెలుస్తుంది. అలాగని మనవాళ్ళకు మన్నింపు తెలియదని కాదు. పుస్తకానికి కాలు తగిలితే నాలుగేళ్ళ పిల్ల కూడా తడుముకోకుండా కళ్ళకద్దుకుంటుంది. ఆ చురుకుదనం నేస్తం మనసుకు కాలు తగిలినప్పుడు కూడా రావాలి.

ఒక మాట తల్లిదండ్రులకు. ఏడుపు ఆగకముందే “వాడు సారీ చెప్పాడుగా, ఫరవాలేదు అను” అని దెబ్బతిన్న పిల్లను తొందరపెట్టకండి. మూడుసార్లు అడగమన్నారంటే మొదటిసారి కాదనే హక్కు ఆ పిల్లకు ఉందనే మేము అర్థం చేసుకున్నాం.

యోమ్ కిప్పూర్ ప్రార్థనలో తప్పులు ఒప్పుకునేటప్పుడు “నేను” అనరు, “మేము” అంటారు. పెద్దలూ ఆ వరుసలోనే నిలబడతారు. ఆ పండుగ వేళ పిల్లలను మన్నించమని అడిగే తల్లిదండ్రులూ ఉన్నారు. మన ఇళ్ళలో నాన్న బిడ్డతో ఆ మాట అనడం అరుదు; పెద్దరికం పోతుందనుకుంటాం.

తెలంగాణలో దసరానాడు జమ్మి ఆకు చేతిలో పెట్టి, పాత కోపాలు వదిలి అలాయ్ బలాయ్ తీసుకుంటారు. ఈ ఊళ్ళో జమ్మి దొరకదు, ఏ ఆకైనా సరే అనుకున్నాం. దసరా ముందు ఆదివారం బడిలో ప్రతి పిల్లకూ ఒక ఆకు ఇస్తాం. ఎవరికిస్తారో, ఎందుకో వాళ్ళే చెప్పాలి. పెద్దలకూ వేరే బుట్టలో ఆకులు ఉంచుతాం. పదింటికల్లా రండి.