బడిపిల్లల తపస్సు కాలం

2025వ సంవత్సరం ఫిబ్రవరి 26న మహాశివరాత్రి వచ్చింది. మార్చి 2న రంజాను ఉపవాసాలు ఆరంభమైనవి. మార్చి 5న క్యాథలిక్కు క్రైస్తవుల విభూది బుధవారం. ఇట్లా ఒక్క వారం దినాల వ్యవధిలో మూడు మతాలవారు ఉపవాసదీక్షకు పూనుకున్నారు. వేములవాడ రాజన్న సన్నిధిలో విభూది ధరించి వచ్చిన బాలుడు, జగిత్యాలలోనో, కోరుట్లలోనో, సిరిసిల్లలోనో తన బడిలో క్రైస్తవ సహపాఠి నొసట కూడా విభూదిని చూసి ఆశ్చర్యపడి ఉండవచ్చు. రాజన్న ఆలయ ప్రాంగణంలోనే దర్గాకు చోటిచ్చిన సీమ మనది. ఇటువంటి ఇరుగుపొరుగుతనం మనకు కొత్త కాదు.

గత సంవత్సరం మ్రానికొమ్మల ఆదివారంనాడు ఆశీర్వదించిన కొమ్మలను దహించి ఆ బూడిదను గురువు భక్తుల నొసట పెడతాడు. నరుడు మట్టి నుంచి వచ్చి మట్టిలో కలిసేవాడన్న ఎరుక కలిగించటానికే ఈ ఆచారం. క్రీస్తు ఎడారిలో చేసిన నలువది దినాల ఉపవాసానికి గుర్తుగా ఈస్టరు పండుగకు ముందు తపస్సు కాలాన్ని పాటిస్తారు. ఉత్తర తెలంగాణలో రెండు సంప్రదాయాలున్నవి. 1952లో ఏర్పడిన వరంగల్లు మేత్రాసనం లాటిను సంప్రదాయానికి చెందినది. 1999లో ఏర్పడిన ఆదిలాబాదు మేత్రాసనం సీరో-మలబారు సంప్రదాయానిది. ఈ రెండవ సంప్రదాయంలో తపస్సు కాలం బుధవారం కాక, రెండు రోజుల ముందు సోమవారంనాడే మొదలవుతుంది.

ఈ కాలానికి విధించిన కర్తవ్యాలు మూడు: ప్రార్థన, ఉపవాసం, దానం. ఐతే శ్రోతలు గమనించవలసిన విశేషం ఒకటున్నది. లాటిను శ్రీసభ నియమం ప్రకారం ఉపవాసం పదునెనిమిదేండ్లు నిండినవారికి మాత్రమే విధి. మాంసవర్జనం పదునాలుగేండ్లు నిండినవారికి. అనగా చిన్న తరగతుల పిల్లలకు ఆకలితో ఉండవలసిన నిర్బంధం లేదు. వారికి దానమే ముఖ్య సాధన. మిఠాయి మానుకొని, ఆ డబ్బును డబ్బాలో వేయటం ఎన్నో క్యాథలిక్కు బడులలో వాడుక. పెద్దల స్థాయిలో, భారత క్యాథలిక్కు మేత్రాణులు 1962లో స్థాపించిన కారితాస్ ఇండియా తపస్సు కాలంలో ఆకలినీ వ్యాధినీ ఎదుర్కొనటానికి విరాళాలు సేకరిస్తుంది.

నేను క్రైస్తవుణ్ణి కాను. కాని అటువంటి ఒక బడిలోనే చదువుకున్నాను. మా నాయన సిరిసిల్లలో సాంచాల మీద పని చేసేవాడు. అమ్మ ఇంట్లో బీడీలు చుట్టేది. తునికాకు కత్తిరించి, చాట ఒడిలో పెట్టుకొని కూర్చుంటే దీపాలు పెట్టేవేళకు గాని లేచేది కాదు. మా తరగతిలో తపస్సు కాలం డబ్బా పెట్టినప్పుడు, ఎవరు ఎంత వేసిందీ నల్లబల్ల మీద పేరుపేరునా రాసేవారు. దుకాణదారుల పిల్లల పేర్ల పక్కన పెద్ద అంకెలుండేవి. నా పేరు పక్కన నాలుగు రోజులు సున్న ఉన్నది. ఐదవనాడు అమ్మ బియ్యపు డబ్బాలో దాచుకున్న రెండు రూపాయలు తీసుకొనిపోయి వేశాను. ఆ సాయంత్రం నా పేరు పక్కన అంకెను చూసి పొంగిపోయాను.

ఆ రాత్రి కూర లేదు. అమ్మ నాకూ నాయనకూ పచ్చడి మెతుకులు పెట్టి, తనకు ఆకలిగా లేదన్నది. తరువాత నా పక్కన కూర్చొని, "అడిగితే ఇయ్యకపోదునా కొడుకా?" అన్నది. అంతకు మించి ఒక్క మాట అనలేదు. ఆనాడు ఉపవాసమున్నది అమ్మ. నల్లబల్లకెక్కినది నా పేరు.

పెద్దవాణ్ణయిన తరువాత ఒక సంగతి తెలిసి విస్తుపోయాను. విభూది బుధవారంనాటి పూజలో చదివే సువిశేష పాఠం మత్తయి సువార్త ఆరవ అధ్యాయంలోనిది. దానం నలుగురికీ చాటి చేయవద్దనీ, రహస్యంగా చేయవలెననీ క్రీస్తు బోధించినది అందులోనే. ఉదయం ఆ పాఠం విని, మధ్యాహ్నం నల్లబల్ల మీద పేర్లు రాస్తే ఆ పాఠం పిల్లలకు అందనట్లే. ఆ ఉపాధ్యాయులలో దురుద్దేశం లేదు. పోటీ పెడితే డబ్బా త్వరగా నిండుతుందనుకున్నారు. డబ్బా నిండినది నిజమే. కాని ఉన్నవారి బిడ్డకు గర్వమూ, లేనివారి బిడ్డకు సిగ్గూ మిగిలినవి.

ఉపవాసానికీ దానానికీ ఉన్న ముడి పూర్వులకు బాగా తెలుసు. ఆకలిగొన్నవానికి అన్నం పంచటమే దేవుడు మెచ్చే ఉపవాసమని యెషయా ప్రవక్త బోధ. తాను మానుకున్న ముద్ద ఎదుటివాని విస్తరిలో పడినప్పుడే ఆ రెండూ ఒకటవుతవి. తండ్రి జేబులోనుంచి తీసి వేసిన నూరు రూపాయలలో పిల్లవాడు మానుకున్నదేమీ లేదు. తాను తినదలచిన బిస్కత్తును పక్కవానికిచ్చిన పిల్లవాడు ఆ కాలపు మర్మాన్ని గ్రహించినవాడు.

డబ్బు లేని పిల్లలకు కూడా దానం చేసే దారులు ఉన్నవి. తండ్రి గల్ఫుకు పోయి, ఇంట్లో దిగులుగా ఉండే సహపాఠులు మన మూడు ఊళ్లలోనూ ఉంటారు. అటువంటివానిని ఆటకు పిలవటం దానమే. జ్వరంతో బడికి రానివానికి పాఠం రాసి ఇవ్వటం దానమే. దానం పుచ్చుకొనేవాడు ఎక్కడో దూరదేశంలో లేడు. ఒక్కొక్కప్పుడు అదే బల్ల మీద పక్కన కూర్చొని ఉంటాడు. అతడు తలవంచుకోకుండా ఇవ్వగలగటమే అసలు విద్య.

ఉపాధ్యాయులకు నా మనవి ఒక్కటే: డబ్బా పెట్టండి, పేర్లు రాయకండి. తల్లిదండ్రులకూ ఒక మనవి. మీ బిడ్డ ఎంత ఇచ్చాడని అడగవద్దు. ఏమి మానుకొని ఇచ్చాడో మెల్లగా అడగండి. వాడు తడబడితే కోపించకండి. మా అమ్మ కోపించలేదు. అందువల్లనే ఆ రెండు రూపాయలు నాకు ఈనాటికీ గుర్తున్నవి.