చెకుముకి రాతిలో ముళ్ల బంతి

1830ల్లో జర్మన్ శాస్త్రజ్ఞుడు ఎహ్రెన్‌బెర్గ్ చెకుముకి రాతి పెచ్చులను సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశాడు. లోపల ముళ్లున్న బుల్లి బంతులు! మంచినీటి నాచు కాబోలనుకుని జాంథీడియం ప్రజాతిలో చేర్చాడు. ఆ లెక్క తప్పింది. ఆయన పెట్టిన జాతి పేరు మాత్రం నిలిచింది. ఇప్పుడు దాన్ని స్పినిఫెరైటిస్ రామోసస్ అంటారు.

ఇంతకీ ఏమిటది? డైనోఫ్లాజెల్లేట్ అనే ఏకకణ సముద్రజీవి విశ్రాంతి దశలో కట్టుకున్న కోశం. ఈదే దశలో జీవిని కప్పి ఉంచే సెల్యులోజ్ పలకలు త్వరగా నశిస్తాయి. కోశం గోడ మహా గట్టిది. రాతిని హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంలో కరిగించినా అది కరగదు.

గుర్తుపట్టడానికి రూపమే ఆధారం. పరిమాణం మిల్లీమీటరులో 20వ వంతుకు కాస్త అటూ ఇటూ. పలకల అంచుల జాడలు సన్నని గట్లుగా కనిపిస్తాయి. ఆ గట్లు కలిసేచోట ముళ్లు లేస్తాయి, వాటి కొనలు మూడుగా చీలతాయి. వీపువైపు ఒక పలక ఊడినచోట కిటికీలాంటి రంధ్రం ఉంటుంది. జీవి బయటికొచ్చిన దారి అదే.

చాలాకాలం ఇలాంటి ముళ్ల బంతులు ఏ వర్గానివో తేలక, హిస్ట్రికోస్ఫియర్లు అనే పేరుతో అనాథల్లా ఉండిపోయాయి. 1961లో అమెరికన్ శాస్త్రజ్ఞుడు విలియం ఎవిట్ ఆ రంధ్రాన్నే సాక్ష్యంగా చూపి, వీటిలో చాలావాటిని డైనోఫ్లాజెల్లేట్లలో చేర్చాడు. ఆ దశాబ్దంలోనే వాల్, డేల్ అనే పరిశోధకులు బతికున్న కోశాలను ప్రయోగశాలలో మొలిపించారు. స్పినిఫెరైటిస్ తరహా కోశాల నుంచి గోనియాలాక్స్ జీవులు ఈదుతూ బయటికొచ్చాయి.

ఈదే జీవికి గోనియాలాక్స్, శిలాజ కోశానికి స్పినిఫెరైటిస్. ఈ రెండు పేర్లూ నేటికీ వాడుకలో ఉన్నాయి.