మాత్ర పేరు తెలుసుకునే హక్కు

(ఉత్తరాంధ్ర మహిళా కార్యకర్తల ఆరోగ్య శిక్షణా శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



యాంటీబయోటిక్స్ గురించి డాక్టర్లు కదా మాట్లాడాలి అని మీలో కొందరికి అనిపించి ఉండవచ్చు. నేను సమాజశాస్త్రం చదువుకున్నదాన్ని, వైద్యురాలిని కాను. కానీ మందు ఒంట్లోకి వెళ్ళేదాకా జరిగేదంతా, అంటే ఎవరు రాస్తారు, ఎవరు అమ్ముతారు, ఎవరు కొనగలరు, ఎవరికి ఏం చెప్తారు అన్నదంతా సామాజిక వ్యవహారమే. "చదువులేని జనం మాత్రలు సగంలో మానేస్తారు, అందుకే మందులు పనిచెయ్యటం లేదు" అన్న మాట మనం తరచూ వింటున్నాం. ఆ మాట ఎంతవరకు నిజమో, దాని వెనక ఏం మరుగున పడుతోందో ఈ రోజు చూద్దాం.

ముందు ఈ మందులు ఎలా పనిచేస్తాయో తెలుసుకోవాలి. అమాక్సిసిలిన్, సెఫిక్సిమ్ లాంటివి బాక్టీరియా తన చుట్టూ గోడ కట్టుకోకుండా అడ్డుపడతాయి. మన కణాలకి అలాంటి గోడ లేదు. అందుకే మందు క్రిమిని చంపి మనల్ని వదిలేస్తుంది. డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్, జెంటామైసిన్ లాంటివి బాక్టీరియా లోపల ప్రొటీన్ల తయారీని దెబ్బతీస్తాయి. డాక్సీసైక్లిన్ జాతి మందుల్లో మొట్టమొదటిదైన ఆరియోమైసిన్ 1948లో లెడర్లీ కంపెనీ నుంచి వచ్చినప్పుడు అక్కడి పరిశోధనకి నాయకత్వం వహించినది భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారు. ఇక సిప్రోఫ్లాక్సాసిన్ బాక్టీరియా డి.ఎన్.ఏ. పనిని చెడగొట్టి, అది రెండుగా చీలకుండా చేస్తుంది. వైరస్‌కి ఈ గోడా లేదు, ఈ యంత్రాంగమూ లేదు. కాబట్టి జలుబుకీ, ఫ్లూకీ, డెంగ్యూకీ ఈ మందులు పనిచెయ్యవు.

మరి బాక్టీరియా మొండికెత్తటం అంటే ఏమిటి? పత్తి చేలో పనిచేసిన వాళ్ళకి ఇది చెప్పనక్కరలేదు. 1997-98లో వరంగల్ జిల్లాలో ఎన్నిసార్లు పురుగుమందు కొట్టినా శనగపచ్చ పురుగు చావలేదు. మందుకి తట్టుకునే పురుగు ఒకటీ అరా ముందునుంచే చేలో ఉంటుంది. మందు కొట్టినప్పుడల్లా మిగతావి చచ్చి, చేను దాని సంతతికే మిగులుతుంది. బాక్టీరియా విషయంలోనూ ఇదే జరుగుతుంది, ఇంకా వేగంగా. కొన్ని మందుని ముక్కలు చేసే ఎంజైములు తయారుచేస్తాయి, కొన్ని లోపలికొచ్చిన మందుని బయటికి తోడేస్తాయి. పైగా ఈ విద్యని ఒక బాక్టీరియా పక్కనున్న వేరే జాతి బాక్టీరియాకి కూడా అందించగలదు. 2019లో ప్రపంచవ్యాప్తంగా 12 లక్షల 70 వేల మరణాలకి ఈ మొండి బాక్టీరియా ప్రత్యక్ష కారణమని 2022లో 'లాన్సెట్' పత్రికలో వచ్చిన అంచనా.

ఈ ప్రమాదం గురించి మొదట హెచ్చరించినవాళ్ళలో పెన్సిలిన్‌ని కనుగొన్న ఫ్లెమింగ్ ఒకరు. 1945లో నోబెల్ ఉపన్యాసంలో ఆయన ఒక ఊహాత్మక ఉదాహరణ చెప్పారు. ఒకాయన గొంతునొప్పికి తనంతట తానే పెన్సిలిన్ కొనుక్కుని చాలీచాలకుండా వాడతాడు. క్రిములు మందుకి అలవాటుపడతాయి. అవి భార్యకి అంటుకుంటాయి. ఆమెకి న్యుమోనియా వస్తుంది, పెన్సిలిన్ పనిచెయ్యదు, ఆమె చనిపోతుంది. మందు వాడినది భర్త, ప్రాణం పోయినది భార్యకి! ఇన్నేళ్ళుగా ఈ ఉదాహరణని "జనం అజాగ్రత్త" కింద చదువుతున్నారు. మనం దాన్ని ఆమె వైపునుంచి కూడా చదవాలి.

మన జిల్లాల్లోకి వద్దాం. పలాస జీడిపప్పు కార్ఖానాల్లో పనిచేసేవాళ్ళు ఎక్కువగా ఆడవాళ్ళే. పిక్కలు ఒలుస్తూ గంటల తరబడి కూర్చోవాలి. సరైన మరుగుదొడ్డి లేనిచోట "నీళ్ళు తాగితే లెగాలి కదమ్మా" అని దాహాన్ని చంపుకుంటారు. నీళ్ళు తక్కువ తాగి, మూత్రం ఆపుకుంటే మూత్రనాళంలో బాక్టీరియా పెరుగుతుంది. స్త్రీలలో ఆ నాళం పొట్టిది కాబట్టి ఇన్ఫెక్షన్ మనకే ఎక్కువ. మంట మొదలవగానే దగ్గర్లో ఉన్న ఆరెంపీ ఇచ్చిన మాత్రలు వేసుకుంటారు. రెండు రోజులకి మంట తగ్గుతుంది. మిగతా మాత్రలు కొనటమంటే కూలి డబ్బులు పెట్టాలి. ఉన్న నాలుగూ పిల్లలకి జ్వరమొస్తే పనికొస్తాయని దాస్తారు. ఇది అజ్ఞానమా? ఆమె తనకున్న డబ్బుతో వేసుకున్న లెక్క ఇది. మళ్ళీ మంట వస్తుంది, ఇంకో మందు వస్తుంది. మరుగుదొడ్డి మాత్రం రాదు.

తెల్లబట్ట సంగతీ ఇంతే. పరీక్ష లేకుండా లక్షణాన్ని బట్టి మందులిస్తారు. సుఖవ్యాధి అయినప్పుడు భర్తకీ వైద్యం జరగాలని ప్రభుత్వ మార్గదర్శకాలే చెప్తున్నాయి. భర్త రాడు. ఆమె రెండోసారి, మూడోసారి కోర్సు మింగుతుంది.

దుష్ఫలితాల గురించి కూడా మన సంఘాల్లో మాట్లాడుకోవాలి. ఈ మందులు కడుపులోనూ యోనిలోనూ ఉండే మేలుచేసే బాక్టీరియాని కూడా చంపుతాయి. అందుకే విరేచనాలు, అందుకే కోర్సు తర్వాత పెరుగులాంటి తెల్లబట్ట, దురద. అది తెలియక ఇంకో యాంటీబయోటిక్ వాడితే ఇంకా పెరుగుతుంది. పెన్సిలిన్ జాతి మందులు కొందరికి పడవు, దద్దుర్ల నుంచి ప్రాణాపాయం దాకా రావచ్చు. గర్భిణులకి డాక్సీసైక్లిన్ ఇవ్వకూడదు. రక్తహీనతకి వాడే ఐరన్ మాత్రతో కలిపి డాక్సీసైక్లిన్, సిప్రోఫ్లాక్సాసిన్ వేసుకుంటే ఆ మందు ఒంటికి సరిగా పట్టదు. క్షయకి వాడే రిఫాంపిసిన్ గర్భనిరోధక మాత్రల ప్రభావాన్ని తగ్గిస్తుంది. పిల్లలు వద్దనుకునే స్త్రీకి ఈ మాట చెప్పకపోవటం ఆమె హక్కుని కాలరాయటమే.

ఉద్దానం విషయం ప్రత్యేకంగా చెప్పాలి. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు ప్రాంతాల్లో కిడ్నీ జబ్బు ఎన్ని కుటుంబాల్ని కూల్చిందో మీకు తెలుసు. దాని అసలు కారణం ఇప్పటికీ తేలలేదు. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధనా కేంద్రం ప్రారంభమయ్యాయి. కానీ జెంటామైసిన్, అమికాసిన్ ఇంజెక్షన్లు కిడ్నీలని దెబ్బతీయగలవన్నది అందరికీ తెలిసిన వైద్య విషయం. మూత్రం మంటకి మంచి పాత మందు నైట్రోఫ్యూరాంటాయిన్ కూడా కిడ్నీలు బాగా దెబ్బతిన్న వాళ్ళకి పనికిరాదు. కాబట్టి ఉద్దానం స్త్రీ ఇంజెక్షన్‌కి చెయ్యి చాపేముందు "నా క్రియాటినిన్ చూశారా?" అని అడగగలగాలి.

ఇక మందు పుట్టే చోటు. రణస్థలం మండలం పైడిభీమవరంలో మందుల పరిశ్రమలున్నాయి. ఇలాంటి చోట్ల ఏం జరగవచ్చో పటాన్‌చెరు చూపించింది. అక్కడ సుమారు 90 మందుల కంపెనీల వ్యర్థజలాలు శుద్ధిచేసే కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిని స్వీడన్ పరిశోధకుడు లార్సన్ బృందం పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించింది. లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్! ఆ మందు మింగిన రోగి రక్తంలో కూడా అంత ఉండదు. 2020 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ వ్యర్థజలాల్లో యాంటీబయోటిక్స్‌కి పరిమితులు పెడుతూ ముసాయిదా తెచ్చింది. 2021 ఆగస్టులో వచ్చిన తుది నోటిఫికేషన్‌లో ఆ పరిమితులు మాయమయ్యాయి. రొయ్యల్లో నిషేధించిన యాంటీబయోటిక్ అవశేషాలు దొరికితే యూరప్ దేశాలు సరుకుని తిప్పి పంపుతాయి. అక్కడి వాళ్ళ పళ్ళెంలోకి వెళ్ళే రొయ్యకి పరీక్ష ఉంది, మన ఊరి కాలవకి లేదు.

సగంలో మాత్ర మానేసిన కూలి మనిషిని నిందించే ముందు ఈ లెక్కంతా బయటపెట్టాలి. మాత్రలు సగంలో మానటం మంచిదని నా ఉద్దేశం కాదు. డాక్టరు చెప్పినన్ని రోజులూ వాడాలి, క్షయ మందులైతే నెలల తరబడి తప్పకుండా వాడాలి. దాచిన మాత్రలు ఇంకొకరికి ఇవ్వకూడదు. కానీ ఈ మాటలు స్త్రీకి చెప్పి ఊరుకుంటే మన పని అయిపోయినట్టు కాదు.

మనం అడగవలసినవి కొన్ని ఉన్నాయి. మందు పేరు, ఎన్ని రోజులు వాడాలో కాగితం మీద రాసివ్వాలి. విడిమాత్రలు పొట్లం కట్టి ఇవ్వటాన్ని మనం ఒప్పుకోకూడదు. 2014 మార్చి నుంచి సెఫిక్సిమ్, సెఫ్ట్రియాక్సోన్ లాంటి మందులు అమ్మితే షాపువాళ్ళు రోగి పేరు, డాక్టరు పేరు విడిగా రిజిస్టరులో రాయాలన్న నిబంధన ఉంది. అది అమలవుతోందా అని డ్రగ్ ఇన్స్పెక్టరుని అడుగుదాం. ఏ మందుకి క్రిమి లొంగుతుందో చెప్పే కల్చర్ పరీక్ష ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉండదు. కనీసం శాంపిలు అక్కడ తీసుకుని జిల్లా ఆసుపత్రికి పంపే ఏర్పాటు కావాలి. సీతంపేట కొండల మీది ఆదివాసీ స్త్రీ ఒక మూత్రపరీక్ష కోసం రోజు కూలి పోగొట్టుకోనక్కరలేకుండా ఉండాలి. జీడి కార్ఖానాల్లో నీళ్ళు, మరుగుదొడ్డి, విరామం కోసం జరిగే పోరాటాన్ని ఆరోగ్య పోరాటంగా కూడా చూడాలి. పరిశ్రమల విస్తరణకి ప్రజాభిప్రాయ సేకరణ జరిగినప్పుడు, "వ్యర్థజలాల్లో యాంటీబయోటిక్ ఎంతుందో పరీక్షించారా, ఆ కాగితం చూపించండి" అని స్త్రీలే లేచి అడగాలి. చూపించకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద కాలుష్య నియంత్రణ మండలికి దరఖాస్తు పెట్టవచ్చు.

కిందటిసారి మీరు మింగిన మాత్ర పేరు మీలో ఎంతమందికి తెలుసు? చర్చ ఆ ప్రశ్నతో మొదలుపెడదాం.