రంగుల అద్దం, రాబడి లెక్క
(ట్రస్టు ఉపకార వేతనాల పంపిణీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కామర్స్ డిగ్రీ చదివి, ముప్పై ఏళ్ళకు పైగా బ్యాంకులో క్లర్కుగా పనిచేసి రిటైరైన మనిషిని నేను. నాలాంటివాడు మైకు ముందుకొస్తే పొదుపు గురించో విద్యారుణం గురించో మాట్లాడతాడని మీరు అనుకుని ఉంటారు. ఈ రోజు నేను చెప్పబోయేది ఇంట్లో కూర్చుని గాజు పలక మీద వేసే రంగుల గురించి. చర్చి కిటికీల్లో స్టెయిన్డ్ గ్లాసు చూసి ఉంటారు కదా, దానిలా కనిపించేట్టు వేసే బొమ్మలు. రిటైరయ్యాక కాలక్షేపంగా నేనూ నేర్చుకున్నాను. అయితే మన పిల్లల్లో కొందరు వీటిని చేసి అమ్ముతున్నారు. అందుకే ఈ విషయం ఎంచుకున్నాను.

ముందు అసలుది ఏమిటో తెలియాలి. ఇక్కడ చెన్నైలో శాంథోమ్ బసిలికాలో ఉంది. తెలుగునాట చూడాలంటే మెదక్ చర్చికి వెళ్ళండి. ఆ చర్చి 1924లో ప్రారంభమైంది. పగటి వెలుతురు పడితే దాని కిటికీల్లోని బొమ్మలు వెలుగుతాయి, సాయంత్రమైతే ఆరిపోతాయి. ఆ అద్దాల్లో రంగు పైన పూసింది కాదు. గాజు కరిగి ఉన్నప్పుడే కోబాల్టు కలిపితే నీలం, బంగారం కలిపితే ఎరుపు వస్తాయి. అలాంటి గాజును ముక్కలుగా కోసి, సీసపు పట్టీల మధ్య బిగించి, కీళ్ళ దగ్గర టంకం వేస్తారు. ముఖాలు, బట్టల మడతలు గీసి బట్టీలో కాలుస్తారు. 14వ శతాబ్దం మొదట్లో వెండి లవణం పూసి కాల్చి పసుపు తెప్పించడం యూరప్‌లో మొదలైంది. ఆ పసుపు గాజులోకే ఇంకిపోతుంది. ఫ్రాన్సులో షార్త్ర్ చర్చిలో 12, 13 శతాబ్దాల నాటి అద్దాలు ఇవాళ్టికీ నిలిచి ఉన్నాయి.

మనం ఇంట్లో చేసేదానిలో సీసం లేదు, బట్టీ లేదు. సీసపు పట్టీకి బదులు ట్యూబులోంచి పిండే నల్ల లైనరు, రంగు గాజుకు బదులు సీసాలో దొరికే గ్లాసు రంగు. లైనరు కొనలేకపోతే తెల్ల జిగురులో నల్ల యాక్రిలిక్ రంగు కలిపి, గోరింటాకు కోనులాంటి దానిలో నింపి గీసుకోవచ్చు. నేను మొదట అలాగే గీశాను, బాగానే వచ్చింది.

4 మిల్లీమీటర్ల గాజు పలక తీసుకుని, అంచులు షాపులోనే నూరించుకోండి. ఇది మాత్రం మరవొద్దు, పిల్లలున్న ఇల్లు. స్పిరిటుతో తుడిచాక పలక మీద వేలు పెట్టకూడదు. వేలిజిడ్డు ఉన్నచోట రంగు పట్టదు. కాగితం మీది బొమ్మను పలక కింద పెట్టి, పైన లైనరుతో గీసి, ఒక రాత్రి ఆరనివ్వాలి. గీతలో ఆవగింజంత సందు ఉన్నా ఎరుపు వెళ్ళి పసుపులో కలుస్తుంది. కాబట్టి ప్రతి గడీ మూసుకోవాలి. దీనికి మెలికల ముగ్గును మించిన నమూనా నాకు కనబడలేదు. మన అమ్మమ్మలు వేసే మెలికల ముగ్గన్నా, పక్కింటి మామి వేసే సిక్కు కోలమన్నా ఒకటే. గీత ఎక్కడా తెగదు, గడులన్నీ మూసుకుంటాయి. నెమళ్ళు, గులాబీలు బజారు పుస్తకాల్లో అందరికీ దొరుకుతాయి. ఇంట్లో ఉన్న ముగ్గుల పుస్తకం బీరువాలోంచి తీయండి.

రంగును అంచు దగ్గర మొదలుపెట్టి మధ్యకు నెట్టుకుంటూ నింపాలి. బుడగ కనబడితే సూదితో పొడవాలి. రంగు పలచన కావాలంటే తెలుపు కలపకండి, కలిపితే వెలుతురు దూరదు. రంగులేని మీడియం దొరుకుతుంది, అది కలపాలి. తరవాత పలకను ఒక రోజంతా చదునుగా ఉంచాలి. థిన్నరు వాసన వచ్చే రకం రంగులైతే కిటికీ తీసి, పొయ్యికి దూరంగా వాడాలి. అన్నం తినే పళ్ళేలకూ గ్లాసులకూ ఈ రంగులు వద్దు.

ఇక అసలు విషయానికి వస్తాను. మా వీధిలో బి.కాం. రెండో సంవత్సరం చదివే అమ్మాయి ఉంది. ఉపకార వేతనంతో చదువుకుంటోంది. కంప్యూటర్ కోర్సు ఫీజు తానే కట్టుకోవాలని ఈ పని మొదలుపెట్టింది. ఒకనాడు వాళ్ళ నాన్న వచ్చి, “అన్నయ్యా, పరీక్షల ముందు దీనికి ఈ రంగుల పిచ్చి ఏమిటి? మీరైనా చెప్పండి” అన్నాడు. ఆ అమ్మాయేమో, “పెదనాన్నా, నాలుగు బొమ్మలు అమ్మి 2,400 సంపాదించాను. నాన్నకు అది కనబడదు” అంది. ఎవరి పక్షమూ మాట్లాడకుండా కాగితం, పెన్ను తెమ్మన్నాను.

చేసింది అయిదు పలకలు. ఒకటి పగిలింది. ఒక్కో పలకకు గాజు 130 రూపాయలు, లైనరూ రంగులూ 110. అయిదింటికి 1,200. అమ్మిన నాలుగింటికి ఫ్రేములు 220 చొప్పున 880. కట్టడానికీ బస్సుకూ 40 చొప్పున 160. మొత్తం ఖర్చు 2,240. చేతిలో మిగిలింది 160 రూపాయలు. పలకకు తొమ్మిది గంటల చొప్పున ఆమె పడ్డ శ్రమ 45 గంటలు. గంటకు నాలుగు రూపాయలు కూడా రాలేదు. ఆ పిల్ల చాలాసేపు మాట్లాడలేదు. నాన్న ముఖంలో గెలిచిన సంతోషమూ లేదు, పాపం.

నేను పని మానమనలేదు. ఫ్రేము తీసేయమన్నాను. కొన్నవాళ్ళే తమకు నచ్చిన ఫ్రేము వేయించుకుంటారు. అదే ధర నిలిస్తే అదే లెక్కలో మిగులు 1,040 అవుతుంది, గంటకు 23 రూపాయలు. ఇదీ తక్కువే. చిన్నపిల్లలకు ట్యూషన్ చెబితే ఇంతకన్నా వస్తుందని ఆమెకు చెప్పాను. తెలిసి చేస్తే తప్పులేదు, 2,400 వచ్చాయనుకుని చేస్తేనే ప్రమాదం. ఇప్పుడు సెలవుల్లో మాత్రమే వేస్తోంది. పగిలిన పలకను కూడా నోటుబుక్కులో రాస్తోంది. చాలామంది వ్యాపారులు రాయనిది అదే.

ఇంకో సంగతి. ఒక షాపాయన పది పలకలు తీసుకుంటానన్నాడట, రెట్టింపు ధరకు. షరతు ఒక్కటే, చీటీ మీద స్టెయిన్డ్ గ్లాసు అని రాయాలి. “రాయనా పెదనాన్నా?” అని అడిగింది. క్యాష్ కౌంటర్లో నోటును వెలుతురుకు ఎత్తి నీటిగుర్తు చూసి చూసి నా కళ్ళు అరిగాయి. అద్దాన్ని అనుకరించి బొమ్మ వేయడం తప్పు కాదు. దాన్ని అసలుదని చెప్పి అమ్మితేనే తంటా. ఈ రంగు ఎండకు వెలిసిపోవచ్చు, గట్టిగా కడిగితే లేచిపోవచ్చు. కొన్నవాళ్ళకు అది ముందే తెలియాలి. చీటీ మీద “చేత్తో వేసిన గ్లాసు పెయింటింగ్, తడిగుడ్డతో తుడవరాదు” అని రాసింది. ఆ పది పలకల బేరం పోయింది. నెల తరవాత ఇంకెవరో రెండు తీసుకున్నారు, మామూలు ధరకే.

తల్లిదండ్రులకు ఒక్క మనవి. పిల్లలు ఇలాంటి పని ముందేసుకుని కూర్చుంటే రంగుల డబ్బా లాక్కోకండి. ఖర్చు ఎంత, గంటలు ఎన్ని అని పక్కన కూర్చుని అడగండి. మీకు లెక్కలు రాకపోతే మా ఇంటికి పంపండి, డబ్బు తీసుకోను.

బయట వరండా కిటికీ దగ్గర రెండు పలకలు పెట్టాను, రెండూ మెలికల ముగ్గులే. భోజనాలయ్యాక వెలుతురుకు ఎత్తి చూడండి. అంచులు నూరించాను గానీ, చిన్నపిల్లల చేతికి ఇవ్వకండి. సెలవు.